చేతుల్లేని కుర్చీలు

నరసాపురం అవతల, గోదావరి పాయ పక్కనున్న పొన్నలంకలో బ్రహ్మలింగం అనే వడ్రంగి ఉండేవాడు; అతని చేతిలో గొప్ప పనితనం ఉండేది గానీ, బుర్రలో ఆలోచన మెరిసిన మరుక్షణమే రంపం అందుకునే తొందర కూడా ఉండేది.

ఆ తొందర మామూలుది కాదు. అన్నం తింటుండగా ఆలోచన వస్తే ఎంగిలి చేత్తోనే తన వడ్రంగి కొట్లోకి పరిగెత్తేవాడు. "వచ్చింది! వచ్చింది!" అని కేకలు పెట్టేవాడు. ఎవరో చుట్టాలు దిగారనుకుని పక్కింటివాళ్లు వీధిలోకి తొంగి చూసేవారు. వచ్చింది చుట్టాలు కాదు, కొత్త రకం బీరువా. అతని భార్య కనకరత్నం ఆ కేకలకి అలవాటుపడిపోయి, అన్నం కంచం మీద మూత పెట్టి తన పని తాను చూసుకునేది.

ఒకసారి ఊళ్లో డాక్టరు గారు మంచం చెయ్యమన్నారు. బ్రహ్మలింగానికి పడవ ఆకారంలో చెయ్యాలని తట్టింది. తట్టిందే తడవు చేసేశాడు. ఎంత బాగుందనుకున్నారు! తలవైపు పడవ ముక్కు, కాళ్లవైపు చుక్కాని, పక్కల మీద చెక్కిన అలలు. తీరా మోసుకెళ్లాక అది డాక్టరు గారి గుమ్మంలో పట్టలేదు. కిటికీ ఊడదీశారు, అందులోనూ పట్టలేదు. పాపం ఆ మంచం పెరట్లోనే ఉండిపోయింది. వానాకాలంలో దాని మీద కోళ్లు పడుకునేవి.

ఇంకొకరైతే సిగ్గుతో తలదించుకునేవారు. బ్రహ్మలింగం మాత్రం, "మంచం తప్పేం లేదండీ, గుమ్మమే ఇరుకు" అన్నాడు. అన్నవాడు ఊరుకున్నాడా? ఆ గుమ్మం పక్కనే నిలబడి ఇంకో కొత్త ఆలోచన మొదలుపెట్టాడు.

పొన్నలంకలో ఆడవాళ్లు లేసు అల్లేవారు. చివర చిన్న వంకీ ఉన్న సూది కుడిచేతిలో, దారం ఎడమచేతి వేళ్ల మీద. చూస్తుండగానే తెల్లటి దారం పువ్వయ్యేది, ఆకయ్యేది, వల అయ్యేది. వాళ్లకొక సంఘం ఉండేది, దానికొక హాలు ఉండేది. ఆ ఏడు హాలుకున్న పాత పెంకులు దింపేసి స్లాబు వేయించారు. పెంకుల కిందనుంచి ఇరవై టేకు దూలాలు దిగాయి. మచ్చ లేదు, చెద లేదు. గోరుతో గీస్తే ఇప్పటికీ టేకు వాసన వచ్చేది!

సంఘం పెద్ద సువార్తమ్మ గారు బ్రహ్మలింగాన్ని పిలిపించారు.

"ఆచారి గారూ, ఈ టేకు మా అమ్మల నాటిది. ఇలాంటిది మళ్లీ మాకు దొరకదు. మేం ఇరవై నలుగురం. అందరం నేల మీద కూర్చునే అల్లుతున్నాం, అందరికీ నడుం నొప్పులే. ఈ చెక్కతో మాకు ఇరవై నాలుగు ఆసనాలు చేసిపెట్టాలి. కుర్చీలో, పీటలో, ఏం చేస్తారో మీ ఇష్టం. కూర్చుని పని చేసుకునేట్టు ఉండాలి, అంతే."

ఆవిడ పక్కనే గోడకి చేరబడి మంగతాయి కూర్చుని ఉంది. ఆవిడకి అరవై ఎనిమిదేళ్లు. నెమలి కన్ను అనే అల్లిక ఆ ఊరు మొత్తం మీద ఆవిడ ఒక్కతెకే వచ్చు. నాలుగు వరసలు తప్పు పోకుండా అల్లితే నిజంగానే దారంలోంచి నెమలి మన వంక చూస్తున్నట్టుండేది. అది నోటితో చెబితే వచ్చేది కాదు. పక్కన కూర్చుని, ఆ వేళ్లు చూస్తూ, ఆర్నెల్లు అల్లితే గానీ పట్టుబడదు. మిగతావాళ్లకి నేర్పడం ఆవిడ అప్పుడే మొదలుపెట్టింది.

మంగతాయి మెల్లగా అంది. "నా నడుం ఇంక ఒప్పుకోటం లేదయ్యా. పూట గడిచేసరికి లేవలేకపోతున్నాను. నువ్వు చేసేదాని మీద కూర్చుని అల్లగలిగానా, వీళ్లందరికీ నేర్పేస్తాను. లేదా, సూది డబ్బాలో పెట్టేసి ఇంటికి పోతాను. ఆ పైన నెమలీ లేదు, కన్నూ లేదు."

"అంత మాట ఎందుకండీ మామ్మగారూ! మీరు లేవనంటే లేవనని మారాం చేసేటంత హాయైన కుర్చీ చేసిపెడతాను, చూస్తూ ఉండండి!" అన్నాడు బ్రహ్మలింగం. మాట పూర్తయ్యేలోపే అతని కళ్లు ఎక్కడో తిరుగుతున్నాయి. ఆలోచన వేటకి బయలుదేరాయన్నమాట.

మర్నాడే రాజమండ్రి బస్సెక్కాడు. ఫర్నిచరు కొట్లన్నీ తిరిగాడు. కుర్చీలు బోర్లా తిప్పి చూశాడు, సోఫాల కింద దూరి చూశాడు. కొట్టువాళ్లు ఇతనేదో పోగొట్టుకున్నాడనుకున్నారు. ఏదీ మనసుకి ఎక్కలేదు. తిరిగి తిరిగి టీ తాగుదామని ఒక పాత ఫోటో స్టూడియో ముందు ఆగాడు. అద్దం వెనక ఒక జమీందారు గారి ఫోటో ఉంది. ఆయన కూర్చున్న కుర్చీ ఉంది చూశారూ! తలకంటే ఎత్తైన వీపు. దాని మీద విచ్చిన తామరపువ్వు. రెండు చేతుల చివరా మెడలు వంచిన హంసలు.

"వచ్చింది!" అని అరిచాడు బ్రహ్మలింగం. టీ గ్లాసు అక్కడే వదిలేశాడు.

పొన్నలంక చేరేసరికి అతని ఒళ్లంతా ఉత్సాహమే. "కనకం! లేసమ్మలని మహారాణుల్లా కూర్చోబెడతాను! ఒక్కొక్కరికీ ఒక్కొక్క సింహాసనం!" అని గుమ్మంలోంచే కేకేశాడు.

కనకరత్నం అరుగు మీద కూర్చుని లేసు అల్లుకుంటోంది. తల ఎత్తి, "బాగానే ఉంది గానీ, ఏవండీ, ఒక్కసారి హాలుకి వెళ్లి వాళ్లెలా కూర్చుంటారో చూసి రాకూడదా?" అంది.

"కూర్చోవడంలో చూసేదేముందే? మనిషన్నాక కూర్చుంటాడు!"

"కాదండీ, లేసు అల్లేటప్పుడు..."

"ఆగాగు. నువ్విప్పుడు మాట్లాడితే ఆలోచన చెదిరిపోతుంది!" అంటూ చొక్కా విప్పి కొట్లో దూరాడు. కాగితం మీద గీత గీయలేదు. ఎవరి కాలు ఎంత పొడుగో, ఎవరి చెయ్యి ఎటు కదులుతుందో అడగలేదు. దూలం మీద రంపం పెట్టి బర్రున లాగాడు.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. ఆ పదిహేను రోజులూ అతను పని చేసిన తీరు చూసి తీరవలసిందే. చిత్రిక పట్టిన చెక్క అద్దంలా నిగనిగలాడింది. ఉలి కింద తామరరేకులు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. హంసల ముక్కులు సూదుల్లా తేలాయి. దారిన పోయేవాళ్లు సైకిళ్లు ఆపి మరీ చూశారు. పదకొండు దూలాలు కోసి, పన్నెండు కుర్చీలు పూర్తి చేశాడు. మిగతా పన్నెండూ తర్వాత చెయ్యచ్చు, ముందు వీటిని చూపించి అందరినీ ఆశ్చర్యపరచాలని అతని ఉబలాటం.

కుర్చీలు ట్రాక్టరు మీద హాలుకి వెళ్లాయి. లేసమ్మలు చప్పట్లు కొట్టారు. "అమ్మో! ఇవి మాకా?" అని ఒకావిడ హంస తల నిమిరింది. మంగతాయికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పెద్దవాళ్లు పన్నెండు మంది ఎక్కి కూర్చున్నారు, మిగతావాళ్లు చుట్టూ నిలబడ్డారు. బ్రహ్మలింగం మీసం మీద చెయ్యి వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"మరి సూదులు తీయండి!" అన్నారు సువార్తమ్మ.

సూదులు తీశారు. కష్టాలు అప్పుడు మొదలయ్యాయి.

మొదట పాదాలు నేలకి అందలేదు. సరే, మునివేళ్ల మీద సర్దుకున్నారు. తర్వాత మోచేతులు. లేసు అల్లేవాళ్ల మోచెయ్యి ఊరుకుంటుందా? పక్కకి వెళ్తుంది, వెనక్కి వస్తుంది. వెళ్లినప్పుడల్లా కుర్చీ చేతికి టక్కున తగిలింది. హాలంతా టకటకమని ఒకటే చప్పుడు. దారం వెళ్లి హంస ముక్కుకి చిక్కుకుంది. విడదీసుకుంటే రెండో హంసకి చిక్కుకుంది. ఒడిలో పెట్టుకున్న దారపు ఉండలు ఒక్కొక్కటే కిందికి దూకాయి. నేల మీద కూర్చున్న రోజుల్లో అవి జానెడు దూరం దొర్లేవి. ఇంత ఎత్తు నుంచి పడేసరికి హాలు ఆ చివరిదాకా పరుగులు తీశాయి. పన్నెండు మంది పెద్దవాళ్లు పన్నెండు ఉండల వెనక పడ్డారు.

అరగంట గడిచింది. ఒకావిడ చప్పుడు చెయ్యకుండా కిందికి జారి నేల మీద కూర్చుంది. ఇంకొకావిడ జారింది. చివరికి అందరూ ఎప్పటిలాగే నేల మీద చేరారు. పన్నెండు సింహాసనాల మీదా పన్నెండు టిఫిను క్యారియర్లు దర్జాగా కూర్చున్నాయి.

బ్రహ్మలింగానికి మొహం ఎర్రబడింది. పదిహేను రోజుల చెమట! ఆపుకోలేక అరిచాడు. "మీకు కూర్చోవడం రాదండీ!"

మంగతాయి తలెత్తి చూసింది. ఆవిడ గొంతులో కోపం లేదు.

"అవునయ్యా. అరవై ఏళ్ల నుంచి ఇలాగే కూర్చుంటున్నాను, ఇంకా రాలేదేమో. నీ కుర్చీ చాలా బాగుంది. ఊరికే కూర్చోమంటే పొద్దస్తమానం కూర్చుంటాను. అల్లమంటే మాత్రం నా వల్ల కాదు." అని సూదిని రేకు డబ్బాలో పెట్టి మూత నొక్కింది. "ఈ నెలాఖరుదాకా వస్తాను. తర్వాత మానేస్తానమ్మా సువార్తా."

పక్కన కూర్చుని ఆవిడ దగ్గర నేర్చుకుంటున్న అమ్మాయి సగం అల్లిన నెమలి కన్ను చేతిలో పట్టుకుని ఏడ్చేసింది.

బ్రహ్మలింగం ఇంటికి వచ్చి అరుగు మీద చతికిలబడ్డాడు. జరిగిందంతా కనకరత్నానికి చెప్పాడు. ఆవిడ వెక్కిరించలేదు. చెప్పానా అనలేదు. అల్లిక ఆపకుండానే, "ఏవండీ, మనకి పెళ్లై పందొమ్మిదేళ్లు. రోజూ ఇక్కడే కూర్చుని అల్లుతున్నాను. నేనెలా కూర్చుంటానో చెప్పండి చూద్దాం. ఇటు చూడకుండా చెప్పాలి" అంది.

బ్రహ్మలింగం కళ్లు మూసుకుని ఆలోచించాడు. ఎడమ కాలు మడిచిందా? కుడి కాలా? గోడకి ఆనుకుందా? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడం కాదు, అసలెప్పుడూ చూడలేదు! అతనికి సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది.

కళ్లు తెరిచి మొదటిసారి చూశాడు. ఒక కాలు మడిచింది, ఒక కాలు చాపింది. నడుం దగ్గర చిన్న దిండు పెట్టుకుంది. భుజాలు మాత్రం గోడకి తగలనివ్వలేదు. రెండు మోచేతులూ గాలిలో ఆడుతున్నాయి.

"తస్సాదియ్యా!" అన్నాడు మెల్లగా. "ఇంత సంగతుందా!"

"ఉంది. ఇంకా చూడాలంటే హాలుకి వెళ్లండి. నాకు కూర అడుగంటుతోంది" అని ఆవిడ లేచింది.

మర్నాడు పొద్దున్నే బ్రహ్మలింగం సువార్తమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తప్పు నాదండి. మీ టేకు సగానికి సగం తగలేశాను. ఇంకొక్క అవకాశం ఇవ్వండి" అన్నాడు.

సువార్తమ్మ కళ్లద్దాల పైనుంచి చూశారు. "ఇస్తాను. ఒక షరతు. మూడు రోజులు రంపం లేకుండా రావాలి. ఊరికే కూర్చుని చూడాలి. మీరు దూలం ముట్టుకుంటే ఒప్పుకోను."

"మూడు రోజులా?" అన్నాడు బ్రహ్మలింగం, అన్నం మానమన్నట్టు.

ఒప్పుకోక చేసేదేముంది! హాల్లో ఒక మూల కూర్చున్నాడు. మొదటి గంటలోనే పది ఆలోచనలు వచ్చాయి. వేళ్లు దురదపెట్టాయి. లేచి పరిగెత్తకుండా రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. వచ్చిన ప్రతి ఆలోచననీ సుద్దముక్కతో గోడ మీద రాశాడు. కాస్త సేపు చూడగానే అది పనికిరాదని తేలేది. చెరిపేవాడు. సాయంత్రానికి గోడ మీద ఒక్క ఆలోచనా మిగల్లేదు. అబ్బ, ఈ పదీ మునుపైతే పది కుర్చీలయ్యేవి కదా అనుకుని గుండె మీద చెయ్యేసుకున్నాడు.

రెండో రోజు అతను మంగతాయి ఎదురుగా కూర్చున్నాడు. ఆవిడ అల్లుతోంది. దారం లాగింది. గిన్నెలో ఉన్న ఉండ ఎగిరి బయటపడి, పక్కకి దొర్లింది. ఆవిడ నడుం తిప్పి, పక్కకి వంగి, చెయ్యి చాపి తెచ్చుకుంది. మళ్లీ అల్లింది. మళ్లీ ఉండ దొర్లింది. మళ్లీ వంగింది. బ్రహ్మలింగానికి ఎందుకో అనుమానం వచ్చింది. వంగినప్పుడల్లా గోడ మీద ఒక గీత గీశాడు. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టేసరికి లెక్కపెట్టాడు.

అరవై మూడు గీతలు!

"మామ్మగారూ!" అని అరిచాడు. అందరూ ఉలిక్కిపడ్డారు. "మీ నడుం నొప్పి నేల మీద కూర్చున్నందుకు కాదండీ! దారపు ఉండ వల్ల! పూటకి అరవై మూడు సార్లు పక్కకి వంగుతున్నారు. చూడండి, గీతలు చూడండి!"

మంగతాయి గోడ వంక చూసింది. తన నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఇన్నిసార్లా? నేనెప్పుడూ అనుకోలేదే!" అంది.

అంతే, హాలంతా కదిలిపోయింది. మూడో రోజు ఒకళ్లవి ఒకళ్లు లెక్కపెట్టుకున్నారు. ఒకరివి నలభై, ఒకరివి డెబ్బై. పందొమ్మిదేళ్ల అమ్మాయి దగ్గర నుంచి మంగతాయి దాకా అందరిదీ అదే కథ. ఊరంతా ఏళ్ల తరబడి నేలని తిట్టుకున్నారు, దోషి మాత్రం నిమ్మకాయంత దారపు ఉండ!

బ్రహ్మలింగం ఉత్సాహం పట్టలేకపోయాడు. ఈసారి మాత్రం ఆ ఉత్సాహాన్ని రంపం వైపు పోనివ్వలేదు. మూడు రోజులూ అయ్యాక కూడా దూలాల జోలికి వెళ్లలేదు. బయట స్లాబు పనిలో మిగిలిన ఇటుకలు తెచ్చాడు. నేల మీద వెడల్పుగా పరిచి, పైన గోనెసంచి వేశాడు.

"మామ్మగారూ, కూర్చోండి."

"ఏంటయ్యా ఇది, నా కింద ఇల్లు కడతావా?"

"కడతానండీ! ఎన్ని అంతస్తులు కావాలో మీరే చెప్పాలి!"

అందరూ పకపకా నవ్వారు. రెండు వరసల ఇటుకలైతే మోకాళ్లు పైకి లేచి ఒడిలో పని ఇరుకైంది. నాలుగు వరసలైతే చాపిన కాలి మడమ నేలకి హాయిగా ఆనలేదు. మూడు వరసల మీద ఆవిడ హాయిగా ఊపిరి తీసింది. వెడల్పు ఎంతుండాలి? ఒక కాలు మడిచి పైన పెట్టుకునేంత. వీపుకి ఆధారం ఎంత ఎత్తు? నడుం దాకా ఉంటే చాలు, భుజాలు వదిలెయ్యాలి. చేతులు? "వద్దు! వద్దే వద్దు!" అని ఇరవై నాలుగు గొంతులు ఒక్కసారి అరిచాయి. మరి దారపు ఉండ? పీట ఎడమ పక్కన లోతుగా ఒక గూడు, దారం బయటికి రావడానికి ఒక సన్నటి గాడి. ఉండ ఎంత గెంతినా గూటిలోనే గెంతాలి. ఒకావిడ వెనక నుంచి చెయ్యెత్తి, "నాది ఎడమచేతి వాటమండి" అంది. "మీ గూడు కుడిపక్కన!" అని బ్రహ్మలింగం వెంటనే గోడ మీద రాసుకున్నాడు. పొడుగ్గా ఉన్న అయిదుగురికి ఇంకో అర ఇటుక ఎత్తు పెంచాడు.

ఆ తర్వాత హాలు నేల మీద సుద్దతో పీటని అసలు కొలతల్లోనే గీశాడు. ఏ దూలంలోంచి ఏ ముక్క వస్తుందో ఒక్కొక్కటే రాసుకున్నాడు. తొమ్మిది దూలాలు ఉన్నాయి, విప్పిన పన్నెండు కుర్చీల చెక్క ఉంది. హంసలు, తామరలు చెక్కిన ముక్కలు దేనికీ పనికిరాలేదు. మూడుసార్లు లెక్క వేశాడు. మూడుసార్లూ ఇరవై ఒక్క పీటలే వచ్చాయి. మూడు తక్కువ.

ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. అందుకే అతనికి మరీ కష్టమనిపించింది. కొట్లోకి వెళ్లి తన పనిబల్ల ముందు నిలబడ్డాడు. అయిదు వేళ్ల మందం టేకు బల్ల. తండ్రి దాని మీద పని చేశాడు, అతనికి ఉలి పట్టడం నేర్పింది దాని మీదే. చాలాసేపు దాని మీద అరచెయ్యి పెట్టుకుని ఉన్నాడు. తర్వాత టేపు తీసి కొలిచాడు. సరిగ్గా మూడు పీటలకి సరిపోయేంత చెక్క ఉంది.

"ఏవండీ, అది మామయ్య గారి బల్ల కదా!" అంది కనకరత్నం.

"అవును కనకం. తప్పు నేను చేశాను, చెక్క వాళ్లది పోయింది. నేను మామిడి చెక్క బల్ల మీద పని చేసుకుంటాను" అన్నాడు.

అయినా బల్లనీ వెంటనే కొయ్యలేదు, దూలాన్నీ కొయ్యలేదు. చవక మామిడి చెక్కతో ముందు ఒక్క నమూనా పీట చేశాడు. మంగతాయి కూర్చుంది. గాడి అంచుకి దారం తెగింది. దాన్ని పక్కన పెట్టి, గాడి నున్నగా తీర్చి రెండోది చేశాడు. ఈసారి దారం తెగలేదు గానీ, వీపు చెక్క నిటారుగా ఉండి నడుముని నెట్టింది. "బాగానే ఉందిలే నాయనా, సర్దుకుంటాను" అంది ఆవిడ జాలిపడి. "మీరు సర్దుకోవడానికి కాదండీ నేను చేస్తున్నది!" అని దాన్నీ పక్కన పెట్టాడు. అదే మాట ఒక నెల కిందట తనకే తట్టి ఉంటే ఎంత బాగుండేది!

మూడో నమూనా సోమవారం పొద్దున హాలుకి వచ్చింది. అప్పటికి నెలాఖరుకి రెండే రోజులున్నాయి. మంగతాయి రేకు డబ్బా మూత తీసి, సూది అందుకుని, పీట మీద కూర్చుంది. ఎడమ కాలు మడిచింది. ఉండని గూట్లో వేసింది. పక్కన ఆ నేర్చుకునే అమ్మాయి కూర్చుంది.

బ్రహ్మలింగం ఎదురుగా కూర్చున్నాడు. ఎలా ఉందని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఈ పీట కూడా కుదరకపోతే ఆవిడ ఎల్లుండి ఇంటికి వెళ్లిపోతుంది.

ఒక గంట అయింది. ఉండ గూట్లో గెంతింది, బయటికి రాలేదు. రెండు గంటలయింది. ఆవిడ ఒక్కసారీ పక్కకి వంగలేదు. "ఇక్కడ వదులుగా పట్టకే అమ్మాయ్, కన్ను మెల్లకన్నయిపోతుంది" అని పక్కనున్న పిల్లకి చెబుతోంది. ఆ అమ్మాయి నవ్వి, విప్పి మళ్లీ అల్లింది. మూడు గంటలయింది. భోజనాల గంట కొట్టారు. మంగతాయి వినిపించుకోలేదు. అందరూ క్యారియర్లు విప్పారు. ఆవిడ అల్లుతూనే ఉంది.

ఇంక ఉండబట్టలేక బ్రహ్మలింగం అడిగేశాడు. "మామ్మగారూ, ఎలా ఉందండీ?"

"ఏది నాయనా?" అంది ఆవిడ, చూపు దారం మీంచి తిప్పకుండా.

"అదేనండీ, పీట."

"ఏ పీట?" అని ఆవిడ అటూ ఇటూ చూసింది. తర్వాత కిందికి చూసుకుంది. నోటి మీద చెయ్యేసుకుంది. "అయ్యో నా తల్లీ! దీని సంగతే మర్చిపోయానయ్యా!"

హాల్లో మిగతా ఇరవై మూడు మందీ ఒక్కసారిగా ఈలలూ కేకలూ! సువార్తమ్మ గారంతటి పెద్దమనిషి స్టీలు గ్లాసు మీద గరిటెతో వాయించారు. బ్రహ్మలింగానికి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. సింహాసనాలు చూసి ఊరంతా మెచ్చుకున్నప్పుడు కూడా అతనికి ఇంత ఆనందం కలగలేదు. తను చేసిన వస్తువు ఉందన్న సంగతే మనిషి మర్చిపోయిందంటే, అంతకన్నా పెద్ద మెచ్చుకోలు వడ్రంగికి ఏముంటుంది!

మంగతాయి మాత్రం మళ్లీ దారంలో తలదూర్చింది. "నెలాఖరు, గిలాఖరు ఏం లేదమ్మా సువార్తా. ఈ పిల్లకి రెండో వరస రావాలి ముందు" అంది.

అప్పుడు లేచాడు బ్రహ్మలింగం. అప్పుడు రంపం అందుకున్నాడు. దేన్ని ఎక్కడ కొయ్యాలో ముందే తెలుసు కాబట్టి ఎక్కడా ఆగలేదు, ఎక్కడా చెక్క వృథా కాలేదు. పద్దెనిమిది రోజుల్లో ఇరవై నాలుగు పీటలూ, ఆఖరి మూడూ తన పనిబల్ల చెక్కతో, హాలుకి చేర్చాడు. మర్నాటి ఉదయం ఆ హాల్లో వరసగా ఇరవై నాలుగు మంది కూర్చున్నారు; మంగతాయి చెబుతుంటే మిగతా ఇరవై మూడు మందీ నెమలి కన్ను నేర్చుకోసాగారు.

నీతి: ఆలోచన మెరవగానే పని మొదలుపెట్టకూడదు, ఆ వస్తువు వాడబోయే మనిషిని ముందు కళ్లారా చూసి, అడిగి, కొలిచి, నమూనా సరిచూసుకున్నాకే రంపం అందుకోవాలి.